అమ్మకు 30కి 17 వచ్చాయి, ఇక అల్జీమర్సేనా?

ప్రశ్న: మాది నెల్లూరు. మా అమ్మకు 67 ఏళ్లు. పొదలకూరు దగ్గర పల్లెలో నాన్నతో, అన్నావదినలతో ఉంటుంది. మూడో తరగతి దాకా చదువుకుంది, కానీ నిమ్మకాయల బేరం అంతా తనే చూసుకునేది, చెన్నై నుంచి వచ్చే వ్యాపారులతో అరవంలో మాట్లాడేది. ఏడాదిన్నరగా మరుపు ఎక్కువైంది. అడిగిందే అడుగుతుంది. చేపల పులుసులో చింతపండు రసం రెండుసార్లు పోసింది. ఇరవై ఏళ్లు నోటిలెక్కతో చీటీ నడిపిన మనిషి, పోయిన సంక్రాంతి ముందు చీటీ ఎత్తిన ఆమెకు రెండుసార్లు డబ్బు ఇచ్చేసింది. నెల్లూరులో డాక్టరు దగ్గర మోకా అనే పరీక్ష పెడితే 30కి 17 వచ్చాయి. ఎంఆర్‌ఐలో వయసు రీత్యా మెదడు కొద్దిగా కుంచించుకుపోయిందని రాశారు. అల్జీమర్స్ తొలిదశ కావచ్చు అన్నారు. బెంగళూరులో ఉన్న తమ్ముడు ‘పెట్ స్కాన్ తీయిస్తే తేలిపోతుంది, చెన్నై పోదాం’ అంటాడు. వదినేమో వయసు మీద పడితే ఎవరికైనా అంతే అంటుంది. ఈసారి మార్కులు బాగా రావాలని నేను రోజూ వీడియో కాల్‌లో అమ్మకు గడియారం బొమ్మ వేయడం, 100లోంచి 7 తీసేయడం నేర్పిస్తున్నాను. అమ్మకు పదేళ్లుగా షుగర్, మెట్‌ఫార్మిన్ వాడుతుంది. నిద్ర పట్టడం లేదని మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర కూడా వేసుకుంటుంది. ఇది అల్జీమర్సేనా? స్కాన్ తీయించాలా? అమ్మకు చెప్పాలా వద్దా?
— ఒక పాఠకురాలు

సమాధానం:

ముందు ఆ ట్యూషన్ ఆపేయండి చెల్లెమ్మా. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

కోపంతో అనడం లేదు. ప్రేమతోనే చేస్తున్నారని తెలుసు, చాలా ఇళ్లలో ఇదే చేస్తారు. కానీ జ్వరం చూడబోయే ముందు బిడ్డ నోట్లో ఐసుముక్క పెడితే థర్మామీటరు ఏం చూపిస్తుంది? అమ్మ గడియారం బొమ్మ బట్టీ పట్టిందనుకోండి, ఆర్నెల్ల తర్వాత మళ్లీ పరీక్ష పెట్టినప్పుడు 17 కాస్తా 20 అవుతుంది, డాక్టరు ‘పరవాలేదే’ అనుకుంటారు, అసలు జారిపోతున్నదేదో ఆ మూడు మార్కుల వెనక దాక్కుంటుంది. పైగా రోజూ కన్నకూతురి ముందు కూర్చుని తప్పులు చెప్పడం ఆమెకు ఎంత చిన్నతనంగా ఉంటుందో! ఆ వీడియో కాల్‌లో మనవళ్ల కబుర్లు చెప్పండి చాలు.

నేను డాక్టర్ని కాను. ఒక ఆస్పత్రి న్యూరాలజీ ఓపీలో ఇలాంటి పరీక్షలు పెట్టే సైకాలజిస్టుగా చాలా ఏళ్లు పనిచేశాను. అందుకే ఆ 17 గురించి కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఓపిగ్గా చదవండి.

ఈ మోకా పరీక్ష కెనడాలోని మాంట్రియల్‌లో పుట్టింది, 2005లో బయటికి వచ్చింది. 30 మార్కులు, 26 ఆ పైన వస్తే మామూలు అని మొదట గీత గీశారు. ఆ గీత గీసింది బడికి, కాలేజీకి పోయినవాళ్లను చూసి. పన్నెండేళ్లు, అంతకంటే తక్కువ చదివినవాళ్లకు ఒక మార్కు కలుపుతారు, అంతే. మూడో తరగతితో ఆపేసిన మనిషికీ ఒక్క మార్కే, ఇంటర్ చదివిన మనిషికీ ఒక్క మార్కే! తెలుగులో కూడా ఈ పరీక్ష ఉంది, కానీ భాష మారినంత మాత్రాన అందులో అడిగేవి మారవు కదా. అంకెల్నీ అక్షరాల్నీ ఒకటి విడిచి ఒకటి గీతతో కలపాలి, పెట్టె బొమ్మ చూసి వేయాలి, గడియారం గీసి ముల్లులు పెట్టాలి, 100లోంచి 7 చొప్పున తీసుకుంటూ పోవాలి. పెన్ను పట్టుకునే అలవాటే లేని చేతికి ఇందులో సగం మెదడు పరీక్ష కాదు, బడి పరీక్ష. కాబట్టి అమ్మ 17 అంటే ఇంజనీరు 17 కాదు. చదువు తక్కువ ఉన్నవాళ్ల కోసం మోకా బేసిక్ అని వేరే రూపం ఉంది. మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్లు కూడా తెలుగుతో సహా 5 భారతీయ భాషల్లో ఇలాంటి పరీక్షల సంపుటి తయారుచేశారు. ఈసారి వెళ్లినప్పుడు ‘అమ్మ చదువుకు తగిన పరీక్ష పెట్టగలరా’ అని అడగండి, మొహమాటపడొద్దు.

నా దగ్గర జరిగింది ఒకటి చెబుతాను. మైపాడు వైపు నుంచి చేపలమ్మే పెద్దామె వచ్చింది. ఒక నిమిషంలో వచ్చినన్ని జంతువుల పేర్లు చెప్పమనాలి, అదీ పరీక్ష. కుక్క, పిల్లి, ఆవు, బర్రె, మేక, పంది, కోతి. ఏడు దగ్గర ఆగిపోయి చూపు నేలకేసింది. కాగితం మీద 7 వేశాను. కొంగు సర్దుకుని లేవబోతుంటే ఊరికే ‘ఏమేం చేపలు తెస్తావు పెద్దమ్మా’ అన్నాను. వంజరం, చందువ, మాగ, కానాగంత, పండుగప్ప, సొర, కవ్వలు అంటూ వేళ్లు మడుచుకుంటూ పోయింది, మధ్యలో ఏది పులుసుకు బాగుంటుందో ఏది వేపుడుకో కూడా చెప్పింది. నా వేళ్లు అయిపోయాయి, ఆమె పేర్లు అయిపోలేదు. ఆ 7ను మార్చే హక్కు నాకు లేదు, పరీక్షకు ఒక పద్ధతి ఉంటుంది. కానీ పక్కన ఈ సంగతి రాసి పంపాను. ఆ రోజు నేను ఆ ప్రశ్న అడక్కుండా ఉండి ఉంటే ఏమయ్యేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అయితే దీన్నిబట్టి ‘అమ్మకు ఏం లేదు, పరీక్షే తప్పు’ అనుకుని ఇంటికెళ్లిపోకండి. అదీ తప్పే. మొత్తం ఎంత వచ్చిందని కాదు, ఎక్కడ పోయిందని చూడాలి. ఆ పరీక్ష కాగితం జెరాక్స్ అడిగి తీసుకోండి. అందులో ఐదు మాటలు చెప్పి, వేరే పనులు చేయించి, ఐదు నిమిషాల తర్వాత ఆ మాటలు మళ్లీ చెప్పమంటారు. నాకు అన్నిటికంటే విలువైన ముక్క ఇదే, ఎందుకంటే దీనికి చదువుతో సంబంధం తక్కువ. రాకపోతే చిన్న అందివ్వడం ఉంటుంది, ‘అదొక పువ్వు’ అనో, ‘ఈ మూడింట్లో ఏది’ అనో. దానికి మార్కు ఇవ్వరు గానీ అసలు కిటుకు అక్కడే ఉంది. అందివ్వగానే ‘ఆ, అదే అదే’ అని టక్కున చెప్పిందంటే వస్తువు బీరువాలో ఉంది, తాళంచెవి దొరకడం లేదని అర్థం. దిగులు, నిద్రలేమి, మెదడులో సన్నటి రక్తనాళాలు దెబ్బతినడం, ఇలాంటివాటిలో ఎక్కువగా ఇలా ఉంటుంది. ఎంత అందించినా ‘మీరు ఆ మాట చెప్పనే లేదే’ అంటే అసలు బీరువాలో పెట్టనే లేదు. అల్జీమర్స్ తొలిదశలో ఎక్కువగా కనిపించేది ఈ రెండోది. మీ అమ్మ ఏ రకమో ఉత్తరంలో లేదు. ఆ కాగితంలో ఉంటుంది.

ఇక మీ ఉత్తరంలో ఆ 17 కంటే గట్టి సాక్ష్యం ఒకటి ఉంది, మీరు దాన్ని దారిలో చెప్పేసి వెళ్లిపోయారు. చీటీ! ఎవరు పాడుకున్నారు, ఎవరు ఎత్తారు, ఎవరు బాకీ, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఇదంతా ఇరవై ఏళ్లు పుస్తకం లేకుండా బుర్రలో పెట్టుకున్న మనిషి, ఒకే ఆమెకు రెండుసార్లు డబ్బు ఇచ్చిందంటే నేను గడియారం బొమ్మ పక్కన పడేసి దీని గురించే అరగంట అడుగుతాను. అమ్మను ఇంకెవరితోనో కాదు, రెండేళ్ల కిందటి అమ్మతోనే పోల్చాలి. అప్పుడు చేయగలిగి ఇప్పుడు చేయలేనిది ఏంటి? తోటలో కూలీల లెక్క? మాత్రలు తనే వేసుకోవడం? నెల్లూరు బస్సెక్కి ఒక్కతే మీ ఇంటికి రావడం? మరుపు ఉన్నా ఇవన్నీ నడుస్తుంటే దాన్ని డిమెన్షియా (రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేనంతగా మతి తగ్గడం, అల్జీమర్స్ అందులో ఒక రకం) అనరు, అంతకుముందు మెట్టు అంటారు. ఆ మెట్టు మీద ఉండి జ్ఞాపకశక్తి క్లినిక్కులకు వచ్చేవాళ్లలో ఏడాదికి నూటికి 10, 15 మంది డిమెన్షియాలోకి జారతారు. కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఉంటారు, కొందరు వెనక్కి మామూలుగా కూడా అవుతారు. అమ్మ ఏ మెట్టు మీద ఉందో చెప్పేది స్కాన్ కాదు, ఇంట్లోవాళ్లు చెప్పే ఈ వివరాలే. గోడ క్యాలెండర్ మీదే రాయండి, ఏ రోజు ఏం జరిగిందో, రెండే ముక్కలు. ‘మరుపు ఎక్కువైంది’ అని చెబితే డాక్టరుకు ఏమీ తెలియదు. ‘పదో తారీఖున పొయ్యి మీద పాలు పెట్టి తోటకెళ్లిపోయింది’ అంటే తెలుస్తుంది.

తమ్ముడు ‘ఫోన్లో బాగానే మాట్లాడిందే’ అని కూడా అంటుంటాడేమో, అనకపోతే అదృష్టం. ఐదు నిమిషాల ఫోను ఎవరైనా గెలుస్తారు. తిన్నావా నాయనా, ఆఫీసు ఎట్టా ఉంది, పిల్లోళ్లు బాగున్నారా. ఈ మాటలకు జ్ఞాపకం అక్కర్లేదు, అలవాటు చాలు. ఒక్క రెండ్రోజులు వచ్చి అమ్మతో ఉండమనండి. వదిన మాటకూ ఒక లెక్క ఉంది. మన దేశంలో 60 దాటినవాళ్లలో డిమెన్షియా నూటికి 7.4 మందికి ఉందని, అంటే సుమారు 88 లక్షల మంది అని 2023లో వచ్చిన పెద్ద అధ్యయనం చెప్పింది. చాలామందే. కానీ అందులోనే ఇంకోటి ఉంది, నూటికి తొంభై మందికి పైగా లేదు కూడా. వయసైతే పేరు గుర్తుకు రావడం ఆలస్యమవుతుంది, నిజమే. ఇచ్చిన డబ్బు మళ్లీ ఇవ్వడం వయసు కాదు. అలాగని ఇంట్లో రోజూ అమ్మ పక్కన ఉండేది వదినే, ఆమె చూసినవి మీకూ తమ్ముడికీ తెలియవు. ఆమెతో గొడవపడకుండా ఆసుపత్రికి తోడు తీసుకుపోండి.

అరవం సంగతి రాశారు కదా, చూసి ముచ్చటేసింది. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో ఒక పరిశోధన వెలువరించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు, ఒకే భాష మాట్లాడేవాళ్లకంటే సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడ్డాయి. అసలు చదువే లేనివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. బేరాలు, రెండు భాషలు, నోటిలెక్కలు, ఇవన్నీ మెదడుకు దాచిపెట్టిన ధాన్యం లాంటివి, కరువొచ్చినా కొన్నాళ్లు గడిపేస్తుంది. దీనికి ఇంకో పక్క కూడా ఉంది. ఇలాంటివాళ్లు లోపల జబ్బు ముదిరినా పైకి చాలాకాలం నెట్టుకొస్తారు, అందుకే అమ్మలాంటి మనిషిలో చిన్న మార్పునూ తేలిగ్గా తీసుకోకూడదు.

ఇప్పుడు అన్నిటికంటే ముందు చేయాల్సినది, చవకైనది. రక్తపరీక్షలు. పదేళ్లు మెట్‌ఫార్మిన్ వేసుకున్నవాళ్లలో బీ12 ఒంటికి పట్టడం తగ్గిపోతుంది, బీ12 పడిపోతే మరుపు, తిమ్మిర్లు, చిరాకు అన్నీ వస్తాయి. అమ్మకు బీ12 చూశారా? థైరాయిడ్? సోడియం? మీరు రాయలేదు కాబట్టి చూడలేదనే అనుకుంటున్నాను. అలాగని మెట్‌ఫార్మిన్ మీరే ఆపేయకండి, లోపం ఉంటే దాన్ని భర్తీ చేస్తారు. షుగర్ మరీ పడిపోతున్నా తికమక ఉంటుంది, అదీ అడగండి.

ఆ నిద్రమాత్ర మీద మాత్రం నాకు గట్టి అనుమానం. షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్ర మన వైపు ఎక్కువగా అల్ప్రాజోలమే అయి ఉంటుంది, అది పెద్దవాళ్లలో జ్ఞాపకాన్ని నేరుగా దెబ్బకొడుతుంది, తూలి పడేలా చేస్తుంది. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ కూడా అంతే. ఆ రేకు పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి, ఎన్నాళ్లుగా వేస్తుందో చెప్పండి. ఒక్కసారిగా మానిపించొద్దు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంటుంది, మెల్లగా తగ్గించే పద్ధతి వాళ్లు చెబుతారు. పరీక్ష పెట్టిన ముందురోజు రాత్రి ఆ మాత్ర వేసుకుందా? వేసుకుని ఉంటే ఆ 17లో మాత్ర వాటా కూడా ఉంది. చెవులు చూపించండి, గుబిలి తీయించినంత మాత్రాన మోకాలో రెండు మార్కులు పెరిగినవాళ్లను నేను చూశాను. దిగులు కూడా అడగండి. ఏడవకపోయినా, దేని మీదా ఆసక్తి లేకుండా మూలన కూర్చోవడం పెద్దవాళ్లలో దిగులే.

ఇక స్కాన్ బొమ్మల సంగతి. 1901లో అల్జీమర్ అనే జర్మన్ డాక్టరు 51 ఏళ్ల ఒకావిడ ఎదురుగా కూర్చుని పేరేంటి, భర్త పేరేంటి అని అడుగుతూ ఆమె జవాబులు రాసుకున్నాడు. ఆమె చనిపోయాక 1906లో మెదడును మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. ముందు ప్రశ్నలు, తర్వాత మెదడు. బతికున్న మనిషి మెదడులో ఆయన చూసిన ఆ పేరుకుపోయిన అమిలాయిడ్ అనే ప్రొటీన్‌ను స్కాన్‌లో చూడ్డానికి ఇంకో వందేళ్లు పట్టింది. మామూలు ఎంఆర్‌ఐలో ఇప్పటికీ అది కనిపించదు. ఇది తెలియకే చాలామంది ఎంఆర్‌ఐ అంటే తీర్పు అనుకుంటారు.

ఎంఆర్‌ఐ మొదటి పని వేరే జబ్బులు లేవని తేల్చడం. బాత్రూంలో జారిపడి తలకు తగిలి, నొప్పి పోయాక అందరూ మరిచిపోయాక, వారాల తరబడి పుర్రె కింద రక్తం మెల్లగా చేరుతుంది, మనిషి మతిమరుపుగా మారతాడు. ఆపరేషన్‌తో బాగయ్యే మతిమరుపు అది. గడ్డలు, నీరు చేరడం, తెలియకుండా వచ్చిపోయిన చిన్నచిన్న స్ట్రోకులు, ఇవన్నీ ఎంఆర్‌ఐలో తెలుస్తాయి. షుగర్ ఉన్న మనిషికి ఈ చివరిది ముఖ్యం. అమ్మ రిపోర్టులో ఇవేవీ లేవంటే అదే ఒక మంచి కబురు, దాన్ని ఎవరూ కబురుగా చెప్పరు!

రెండో పని హిప్పోక్యాంపస్‌ను చూడడం. చెవుల ఎత్తున తల లోపలగా, రెండు పక్కలా ఉండే చిన్న భాగం, ఆకారం సముద్రపు గుర్రంలా ఉంటుందని గ్రీకులో ఆ పేరు. కొత్త సంగతి బీరువాలో పెట్టేది ఇదే. అల్జీమర్స్‌లో ముందుగా కరిగేవాటిలో ఇదొకటి. ‘వయసు రీత్యా మెదడు కుంచించుకుపోయింది’ అనే వాక్యం అరవై దాటిన ఎవరి రిపోర్టులోనైనా ఉంటుంది, ‘తల నెరిసింది’ అన్నట్టే. దాంతో మనకు పనిలేదు. తలను ఎదురుగా నిలువు ముక్కలుగా చూపే కరోనల్ చిత్రాల్లో హిప్పోక్యాంపస్ ప్రాంతం ఎంత తగ్గిందో 0 నుంచి 4 వరకు అంకె వేసే పద్ధతి ఉంది, 75 ఏళ్ల లోపువాళ్లలో 2 ఆ పైన ఉంటే మామూలు కాదని చూస్తారు. అమ్మ సీడీ మీ దగ్గరే ఉంటుంది కదా, కొత్త స్కాన్ అక్కర్లేదు, ఆ పాత సీడీనే న్యూరాలజిస్టుకు ఇచ్చి ‘ఈ భాగం ప్రత్యేకంగా చూసి చెప్పండి’ అనండి. బాగా తగ్గి ఉంటే అనుమానం బలపడుతుంది. మామూలుగా ఉంటే? అప్పుడు కూడా తొలిదశ అల్జీమర్స్ లేదని చెప్పలేం. విసుగ్గానే ఉంటుంది, ఏం చేస్తాం.

తమ్ముడు అనే పెట్ స్కాన్‌లో రెండు రకాలు ఉన్నాయి, ఏది అంటున్నాడో ముందు అడగండి. మొదటిది క్యాన్సర్ వాళ్లకు తీసేదే, చక్కెరకు రేడియోధార్మిక గుర్తు తగిలించి ఎక్కిస్తారు, మెదడులో ఏ భాగం చక్కెర తక్కువ తాగుతోందో కనిపిస్తుంది. అల్జీమర్స్‌లో మెదడు పక్క, వెనక పై భాగాలు మందగిస్తాయి, వేరే రకం డిమెన్షియాలో ముందు భాగం. ఏ రకమో తేలక డాక్టరే తికమకపడుతున్నప్పుడు ఇది బాగా పనికొస్తుంది. అమ్మకు షుగర్ కాబట్టి ఆ రోజు రక్తంలో చక్కెర అదుపులో లేకపోతే స్కాన్ వాయిదా వేస్తారు, చెన్నై దాకా వెళ్లి తిరిగి రావాల్సొస్తుంది.

రెండోది అమిలాయిడ్ పెట్, తమ్ముడు ఇంటర్నెట్‌లో చదివింది ఇదే అయి ఉంటుంది. ఆ ప్రొటీన్‌కు అంటుకునే మందు ఎక్కించి తీస్తారు. అమెరికాలో ఇలాంటి మొదటి మందుకు 2012లో అనుమతి వచ్చింది. ఇందులో వాడే ఫ్లోరిన్ 18 అనే రేడియోధార్మిక పదార్థం సుమారు 110 నిమిషాలకు సగమైపోతుంది, అందుకే సైక్లోట్రాన్ అనే పెద్ద యంత్రంలో తయారుచేసి గంటల్లో వాడేయాలి, ఏ ఊళ్లో పడితే ఆ ఊళ్లో దొరకదు. సరే, దొరికింది, తీయించారు, అమిలాయిడ్ ఉందని వచ్చింది. అప్పుడు తేలిపోయినట్టేనా? 65 దాటి, ఏ మరుపూ లేకుండా చీటీలు నడుపుతున్నవాళ్లకు తీసినా నలుగురైదుగురిలో ఒకరికి ఉందనే వస్తుంది. ఈ ప్రొటీన్ లక్షణాలకు పదిహేను ఇరవై ఏళ్ల ముందు నుంచే పేరుకుంటుంది. అది ఉంటే చాలు జబ్బు ఉన్నట్టే అని 2024లో ఒక వర్గం డాక్టర్లు అన్నారు, లక్షణాలు లేకుండా ఆ పేరు పెట్టకూడదని ఇంకో వర్గం అంది. నా ఓటు రెండోవాళ్లకే. లేదని వస్తే మాత్రం అది గట్టి జవాబు, అమ్మ మరుపుకు కారణం అల్జీమర్స్ అయ్యే అవకాశం చాలా తక్కువని చెప్పొచ్చు.

కాబట్టి తమ్ముడిని ఒకటే అడగండి, ‘ఫలితం ఏదొస్తే మనం ఏం మార్చుకుంటాం?’ జవాబు ఉంటే తీయించండి. ఉదాహరణకు 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్, అలాంటి కొత్త మందులు అమిలాయిడ్ ఉందని తేలినవాళ్లకే, అదీ తొలిదశలోనే ఇస్తారు. లెకానెమాబ్ ఏడాదిన్నర ట్రయల్‌లో దిగజారడం సుమారు 27 శాతం నెమ్మదించింది. ఆగలేదు, నెమ్మదించింది. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి మళ్లీ మళ్లీ ఎంఆర్‌ఐ తీస్తూ ఇవ్వాలి. ఖర్చు మామూలుది కాదు. ఆ దారిలో వెళ్లాలనుకుంటే పెట్ తీయించడంలో అర్థం ఉంది. అల్జీమర్స్‌కు ఇచ్చే డొనెపెజిల్ లాంటి పాత మాత్రలకు పెట్ అవసరమే లేదు, డాక్టరు పరీక్ష చేసి, నాడి వేగం చూసుకుని మొదలుపెడతారు. రక్తంలోనే అమిలాయిడ్ జాడ పట్టే పరీక్షకు కూడా 2025 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది, అదీ లక్షణాలున్నవాళ్లకే, డాక్టరు చూశాకే. ఊరికే ల్యాబుకు వెళ్లి చేయించుకునేది కాదు. తమ్ముడి తొందర నాకు అర్థమవుతుంది. దూరాన ఉన్నవాళ్లకు డబ్బు పెట్టడం ఒక్కటే చేతిలో ఉన్న పని అనిపిస్తుంది. ఆ డబ్బుతో నెలకోసారి ఊరికి రమ్మనండి.

అమ్మకు చెప్పాలా అన్నారు. మీకంటే ముందు ఆమెకే తెలుసనుకుంటాను. చీటీ డబ్బు రెండోసారి ఇచ్చిన రోజు రాత్రి ఆమెకు నిద్ర పట్టి ఉంటుందా? ఆ మాత్ర ఎప్పుడు మొదలైందో ఒకసారి లెక్క చూసుకోండి. జబ్బు పేరు ఖాయం కాకముందే అల్జీమర్స్ అని ముద్ర వేయొద్దు, అలాగని ‘నీకేం లేదులే అమ్మా’ అని అబద్ధమూ ఆడొద్దు. ‘నీకు మరుపు పెరిగింది, ఎందుకో చూపించుకుందాం, డాక్టరు చెప్పేది నువ్వు వింటావా, మమ్మల్ని వినమంటావా’ అని ఆమెనే అడగండి. పొలం కాగితాలు, బ్యాంకు, నగలు, ఎవరికేం ఇవ్వాలనే మాట ఆమెకు స్పష్టంగా తెలిసినప్పుడే, అందరి ముందూ, ఆమె నోటితోనే చెప్పించండి. అప్పుడే ఎవరో హడావుడిగా వేలిముద్ర వేయించుకున్నారనే మాట రాదు. చీటీ మాత్రం ఇక ఒంటరిగా నడపనివ్వొద్దు. ఒక్కసారిగా లాక్కుంటే ప్రాణం పోయినట్టుంటుంది, మీ అన్న పుస్తకం రాయాలి, అమ్మ పాట పాడించాలి, అలా నడవనివ్వండి.

రక్తపరీక్షలు పొదలకూరులోనో నెల్లూరులోనో అయిపోతాయి, మాత్ర సంగతి డాక్టరుతో తేల్చుకోండి, లోపం ఏదైనా దొరికితే మూడు నెలలు సరిచేసి చూడండి, తర్వాతే పెద్ద పరీక్ష. వివరంగా రెండు మూడు గంటలు కూర్చోబెట్టి చేసే పరీక్ష కావాలంటే హైదరాబాదు నిమ్స్, బెంగళూరు నిమ్హాన్స్‌లో చేస్తారు. బెంగళూరు అయితే తమ్ముడి ఇల్లే ఉంది, చెన్నై పెట్ కంటే నేను దానికే ఓటేస్తాను. హైదరాబాదు అనుకుంటే మాత్రం సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా వెళ్లి, స్టేషన్‌లో మొహం కడిగించి, నేరుగా పరీక్షకు కూర్చోబెట్టకండి. నిద్రలేని ఏ అమ్మకైనా మార్కులు పోతాయి. ఒకరోజు ముందే వెళ్లి పడుకోబెట్టండి. టిఫిను, షుగర్ మాత్ర టైముకు పడాలి. కళ్లజోడు, మాత్రల రేకులు, ఎంఆర్‌ఐ సీడీ, క్యాలెండర్ కాగితాలు సంచిలో పెట్టండి. లోపల అమ్మను అడిగిన ప్రశ్నకు మీరు జవాబు అందించొద్దు, ఆ గదిలోంచి బయటికొచ్చి బెంచీ మీద కూర్చోండి.